సముద్రం అక్కడ, విడిది ఇక్కడా?

"ఫుజైరా ఎంతసేపు? పొద్దున్నే బండి తీస్తే గంటన్నర. రెండు డైవ్‌లు కొట్టి సాయంత్రానికి ఇంటికొచ్చి వేడివేడిగా పప్పుచారు తినొచ్చు. దానికి మళ్లీ అక్కడ హోటల్ ఎందుకు, డబ్బులెక్కువయ్యా?"

దుబాయిలో స్కూబా మాటెత్తిన తెలుగువాడికి మొదట దొరికే సలహా ఇది. కరామాలో ఇడ్లీ తింటూ చెబుతారు, షార్జా అల్ నహ్దాలో లిఫ్టు కోసం నిలబడి చెబుతారు, హైదరాబాదు నుంచి రాబోయే బంధువులకైతే వీసా స్టాంపు పడకముందే ఫోనులో చెబుతారు. వీళ్లేమీ చెడ్డవాళ్లు కారు. చాలామంది డైవర్లు కూడా కారు, అదే ఇబ్బంది. నీళ్లలోకి దిగనివాడు నీళ్ల ప్రయాణానికి బస నిర్ణయిస్తే ఆ నిర్ణయం ఎప్పుడూ రోడ్డు లెక్కల్లోనే ఉంటుంది.

ఈ సలహా వెనక రెండు నమ్మకాలున్నాయి. రోడ్డు బాగుంటే ఊరు దగ్గరైనట్టే అన్నది ఒకటి. హోటలంటే రాత్రి తల వాల్చుకునే చోటు, అంతకుమించి ఏమీ లేదన్నది రెండోది. బుర్జ్ ఖలీఫా చూడ్డానికీ, బంగారం కొనడానికీ ఈ రెండూ పనికొస్తాయి. స్కూబాకు రెండూ పనికిరావు. పెళ్లి అన్నవరం కొండ మీద పెట్టుకుని విడిది రాజమండ్రిలో ఇస్తే మగపెళ్లివారు ఊరుకుంటారా? మరి సముద్రం విషయంలో మనమే ఎందుకు ఊరుకుంటున్నాం?

రోడ్డు సంగతి ముందు తేల్చుకుందాం. కొండల్ని చీల్చుకుంటూ పోయే షేక్ ఖలీఫా రోడ్డు వచ్చాక తూర్పుతీరంలోని ఫుజైరా నిజంగానే దగ్గరైంది. 2019లో షార్జా నుంచి అదే తీరంలోని ఖోర్‌ఫక్కాన్‌కు కొత్త రోడ్డు తెరిచారు, 89 కిలోమీటర్లు, అయిదు సొరంగాలు. పాత రోజుల్లో మసాఫీ మీదుగా వంపులు తిరుగుతూ వెళ్లినవాళ్లకు ఇప్పటి ప్రయాణం ఆటలాగే ఉంటుంది. ఇక్కడిదాకా నాకూ పేచీ లేదు. కానీ రోడ్డు మిమ్మల్ని తీసుకెళ్లేది ఊరికి. పడవ మిమ్మల్ని తీసుకెళ్లేది మునిగే చోట ఉన్న రాతి దగ్గరికి. ఈ రెంటి మధ్యా ఉన్న పనుల్ని గంటన్నర లెక్కలో ఎవరూ కలపరు.

తొమ్మిదింటి పడవ అనుకోండి. ఎనిమిదికల్లా డైవ్ సెంటర్‌లో ఉండాలి. ఆరోగ్యం గురించిన కాగితం నింపాలి, సర్టిఫికెట్ కార్డు చూపించాలి, వెట్‌సూట్ కొలత చూసుకోవాలి, ట్యాంకుకు రెగ్యులేటర్ బిగించి గాలి సరిగా వస్తోందో లేదో పీల్చి చూడాలి. దానికోసం ఇంట్లో ఆరింటికి బయల్దేరాలి, అంటే అయిదింటికి లేవాలి. ముందు రోజు సెలవు రాత్రి. బిర్యానీ, కొత్త సినిమా, పిల్లల గోల. పక్కమీద చేరేసరికి ఒంటిగంట. నాలుగు గంటల నిద్రతో, ఖాళీ కడుపుతో, దారిలో పెట్రోలు బంకు దగ్గర తాగిన కరక్ చాయ్‌తో మనిషి పడవెక్కుతాడు.

తూర్పుతీరంలోని దిబ్బ అనే ఊరి దగ్గర పడవల మీద ఇలాంటివాళ్లను ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు. అలా ఒకాయన్ని చూశాను, నిజామాబాద్ వైపు మనిషి, అబూధాబి నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చాడు. లంగరు వేశాక పడవ అటూ ఇటూ ఊగడం మొదలైంది. ఆయన రెండు చేతులతో కమ్మీ పట్టుకుని దూరంగా వరసగా నిలబడ్డ చమురు ఓడల వైపు చూపు నిలిపాడు. కడుపులో ఉన్న చాయ్ కాస్తా బయటికి పోయింది. అయినా దిగాడు. మూడు మీటర్ల లోతులో చెవి మొరాయించింది. ముక్కు మూసి గాలి ఊదాలి, తగ్గకపోతే అర మీటరు పైకి జరిగి మళ్లీ ఊదాలి. ఆ ఓపికే ఆయన దగ్గర లేదు. మిగతావాళ్లు కిందికి వెళ్లిపోతున్నారన్న కంగారు ఒకటి. డైవ్ మాస్టర్ ఆయన్ని తాడు దగ్గరికి తెచ్చి పైకి పంపేశాడు. పడవెక్కి "చెవులు తెగలేదన్నా, అంత దూరం నుంచి వచ్చి ఇట్లయింది" అన్నాడు. ఆ మాటలో "అంత దూరం నుంచి" అన్నదే అసలు జబ్బు. రేపు మళ్లీ దిగొచ్చు అన్న ధీమా ఉన్నవాడు తొందరపడడు. ఒడ్డునే గది ఉన్నవాడికి ఆ ధీమా ఉంటుంది.

నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, అలసట... ఈ మూడూ డైవింగ్ మొదటి పాఠాల్లోనే హెచ్చరికలుగా వస్తాయి. మనం పది మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి నీటిపైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కండల్లోకి ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక అది నెమ్మదిగా, గంటల తరబడి ఊపిరి ద్వారా బయటికి పోతుంది. తొందరపెడితే బుడగలు కడుతుంది, కీళ్ల నొప్పితో మొదలై పక్షవాతం దాకా పోగలదు. డైవ్ అయిపోయింది అని మనం అనుకుంటాం కానీ ఒంటికి మాత్రం మర్నాటి దాకా అది నడుస్తూనే ఉంటుంది. కాబట్టి డైవ్ తర్వాతి నిద్ర కూడా డైవ్‌లో భాగమే. ఆ నిద్ర ఎక్కడ పోవాలన్నది పక్కకు నెట్టేసే ప్రశ్న కాదు.

ఒకరోజు ప్రయాణం వాదం ఇక్కడే పూర్తిగా కూలుతుంది. ఒకరోజులో వెళ్లి రావాలనుకున్నవాడు ఆ రోజును పిండుకోవాలనుకుంటాడు. "పొద్దున దిబ్బలో డైవ్, సాయంత్రం జెబెల్ జైస్, రాత్రికి హైదరాబాదు ఫ్లయిట్" అనే పథకాన్ని నేను కాగితం మీద అచ్చయి చూశాను, చుట్టాల కోసం ఎవరో ప్రేమగా వేయించింది. జెబెల్ జైస్ ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, దాదాపు 1,900 మీటర్లు, రోడ్డు దాని భుజాల దాకా ఎక్కుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. విమానంలోనూ అంతే, లోపలి గాలిని దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంచవచ్చు. డైవర్ల భద్రత చూసే డ్యాన్ సంస్థ చెప్పే లెక్క సూటిగా ఉంది: ఆగి ఆగి పైకి రావలసిన అవసరం లేని మామూలు డైవ్ ఒక్కటే చేస్తే విమానానికి కనీసం 12 గంటలు, రెండుమూడు డైవ్‌లో, వరసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు, ఆగి ఆగి పైకి రావలసినంత లోతైన డైవ్‌లు చేస్తే ఇంకా ఎక్కువ. ఎత్తైన కొండ రోడ్లకూ ఇదే జాగ్రత్త.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఫుజైరా నుంచి దుబాయికి తిరిగొచ్చే రోడ్డు ఎత్తు వల్ల భయపడవలసింది లేదు, ఆ కొండదారులు అంత ఎత్తుకు పోవు. ఆ పేరు చెప్పి ఎవర్నీ బెదిరించను. ఆ దారిలో ప్రమాదం వేరే. రెండు డైవ్‌ల తర్వాత ఒంట్లోకి ఒక తీయని మగత దిగుతుంది. ఎండ, ఉప్పు, చల్లటి ఏసీ గాలి, కారు వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. ఆ స్థితిలో ఒక్కడే స్టీరింగ్ పట్టుకుని సొరంగం తర్వాత సొరంగం దాటడం ఎవరికి సరదా? దీన్ని పొదుపు అని పిలిచేవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఈ గడ్డ మీద ఒకప్పుడు మునకలే బతుకుగా ఉన్నవాళ్లున్నారు. వేసవి రాగానే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ముత్యాల పడవలు గల్ఫ్ నడిమధ్య ఉండే గుల్లల మిట్టల మీదికి వెళ్లేవి. దల్మా ద్వీపం ఆ పడవలకు పెద్ద మజిలీ. మునిగేవాడు ముక్కుకు కొమ్ముతో చేసిన బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవాడు. పైన తాడు పట్టుకునే సహచరుడు, సైబ్, అతణ్ని లాగేవాడు. వాళ్లు నెలల తరబడి పడవ మీదే పడుకునేవారు. పగలు పెద్దగా తినకుండా మునిగి, రాత్రి అన్నం తినేవారు. ఆ బతుకులో అప్పులు, జబ్బులు, చావులు చాలా ఉన్నాయి, దాన్ని అందమైన కథగా చెప్పను. కానీ మిట్ట ఎక్కడుందో పడక అక్కడే ఉండాలన్న సంగతి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ ముత్యాలు బొంబాయి వ్యాపారుల చేతుల మీదుగా హైదరాబాదు దాకా వచ్చేవి. పత్థర్‌గట్టీ దుకాణాల్లో ముసలివాళ్లు ఇప్పటికీ తలుచుకునే బస్రా ముత్యాలు ఈ సముద్రంవే. 1930ల మాంద్యం, జపాన్ పెంపకపు ముత్యాలు కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి.

ఇప్పుడు రెండో రకం సలహాదారుల దగ్గరికి వద్దాం. వీళ్లు దుబాయిలోనే ఉండమంటారు కానీ కారణం వేరు. "ద్వీపం కావాలన్నావు కదా, పామ్ జుమేరాలో తీసుకో. నాలుగు వైపులా సముద్రమే." పామ్ జుమేరాకు పునాది 2001లో పడింది. సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి, రాళ్లు పేర్చి కట్టిన నేల. అక్కడి గదులు బాగుంటాయి, ఈతకొలనులు ఇంకా బాగుంటాయి. అలల్ని ఆపే రాతికట్ట చుట్టూ చేపలూ చేరాయి. అయితే బాల్కనీ నుంచి నీళ్లు కనిపించడానికీ, ఆ నీళ్ల అడుగున చూడదగ్గది ఉండడానికీ సంబంధం లేదు. ఫొటోలో నీలంగా ఉంటే చాలనుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, హాయిగా తీసుకోండి. ట్యాంకు మాత్రం అద్దెకు తీసుకోకండి.

యూఏఈలో డైవర్లు తలుచుకునే ద్వీపాలు చాలా చిన్నవి, వాటి మీద మంచం వేసుకునే వీలే లేదు. ఫుజైరా ఎమిరేట్‌లోని అల్ అఖా ఒడ్డుకు ఎదురుగా ఉన్నది స్నూపీ ఐలాండ్. వెల్లకిలా పడుకున్న కార్టూన్ కుక్కలా కనిపిస్తుందని ఆ పేరు. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్లేంత దగ్గర. కాస్త ఉత్తరాన దిబ్బ రాక్, తాబేళ్లు మేయడానికి వచ్చే చోటు, ఉదయపు నీళ్లలో నల్లంచు రీఫ్ షార్కులు లోతులేని చోట తిరుగుతూ కనబడతాయి. దక్షిణాన ఖోర్‌ఫక్కాన్ దగ్గర షార్క్ ఐలాండ్, మార్టినీ రాక్. వీటన్నిటికీ ఒడ్డున గదులున్నాయి, వీటి మీద లేవు. 1995లోనే ఫుజైరా ప్రభుత్వం దిబ్బ, దద్నా, అల్ అఖా, బిదియా దగ్గరి నీళ్లను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. కాబట్టి "ద్వీపంలో బస" అన్న కోరికను ఈ దేశంలో కాస్త సవరించుకోవాలి. ద్వీపం ఎదుట బస, అంతే. పైగా పుస్తకం తెరిచి చూస్తే ఈ తీరం ఉష్ణమండలం కూడా కాదు. కర్కట రేఖ అబూధాబి ఎమిరేట్ దక్షిణాన, ఇసుక దిబ్బల మీదుగా పోతుంది. ఫుజైరా దానికి పైన 25వ అక్షాంశం దగ్గర ఉంది. చలికాలంలో మందపాటి వెట్‌సూట్ లేకుండా దిగినవాళ్లకు ఈ భూగోళ పాఠం చప్పున అర్థమవుతుంది.

అసలు దుబాయి ఒడ్డున నిలబడి చూసే సముద్రమూ, అల్ అఖాలో మునిగే సముద్రమూ వేరు. దుబాయి, అబూధాబి, అజ్మాన్ ఉన్నది గల్ఫ్ ఒడ్డున. సగటు లోతు 35 మీటర్లే ఉన్న నీటి పళ్లెం అది. వేసవిలో పైనీళ్లు 35 డిగ్రీల దాకా కాగుతాయి. హజర్ కొండలు దాటితే ఒమన్ గల్ఫ్, అరేబియా సముద్రంలోకి తెరుచుకునే లోతైన నీళ్లు. ఏడు ఎమిరేట్లలో ఫుజైరా ఒక్కదానికే తీరమంతా ఆ వైపు ఉంది. వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తే జుమేరాలో అలలు ఎగసిపడతాయి, కొండల చాటున ఉన్న తూర్పుతీరం అదే రోజు ప్రశాంతంగా ఉండొచ్చు. తూర్పు నుంచి అల లేచిన రోజు కథ తిరగబడుతుంది. దుబాయి కిటికీలోంచి చూసి ఫుజైరా నీళ్ల గురించి నిర్ణయాలు చేసేవాళ్లు ఇంట్లో దీపం ఆర్పి వీధిలో చీకటైందనుకునేవాళ్లే.

ఆ తూర్పు సముద్రం మాట ఇచ్చి నిలబెట్టుకునే రకమూ కాదు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చి తీరంలోని పగడాల్ని చితక్కొట్టింది. తేరుకునేలోపే 2008లో ఎర్రటి నాచు పోటు మొదలై 2009 దాకా నెలల తరబడి నిలిచింది. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు ఆపాల్సి వచ్చింది. దిబ్బ రాక్ దగ్గర ఒకప్పుడు గులాబీ రంగు పగడాల తోట పరుచుకుని ఉండేది, దాన్ని చూసినవాళ్లు ఇప్పటికీ ఆ ముందూ ఈ తర్వాతా అని చెప్పుకుంటారు. అంత పెద్ద విపత్తు లేని రోజుల్లోనూ పొద్దున పచ్చగా మురికిగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి తేటపడడం, ఇవాళ ఏమీ కనబడని చోట రేపు పదిహేను మీటర్ల దూరం కనబడడం మామూలే. ఒకరోజుకు వచ్చినవాడికి దొరికిందే దక్కుదల. అక్కడే ఉన్నవాడు పొద్దున పడవ వదులుకుని మధ్యాహ్నపు పడవెక్కుతాడు, కాకపోతే మర్నాడు ఎక్కుతాడు. రాత్రి డైవ్ అన్న మాటే దుబాయి బసవాడి పంచాంగంలో లేదు. టార్చి వెలుగులో రాతిసందుల్లోంచి పీతలు, ఆక్టోపస్‌లు బయటికి వచ్చే ఆ గంట కోసమే డైవ్ నేర్చుకున్నవాళ్లు ఉన్నారు.

మూడో రకం వాళ్లను ఒప్పించడం కష్టం. వీళ్లు తూర్పుతీరంలో ఉండడానికి సిద్ధమే, కానీ నక్షత్రాలు లెక్కపెట్టి గది తీసుకుంటారు. ముందుగా వీళ్లు పడే గుంట ఒకటుంది. "ఫుజైరా హోటల్" అని వెతికి ఫుజైరా నగరంలో గది తీసుకుంటారు. నగరం రేవు పక్కన ఉంది, ఓడలకు ఇంధనం నింపే ప్రపంచపు పెద్ద రేవుల్లో అది ఒకటి, సముద్రం వైపు చూస్తే ట్యాంకర్ల వరుసే. అల్ అఖా అక్కడికి ఉత్తరాన నలభై కిలోమీటర్ల పైమాటే. ఎమిరేట్ పేరూ నగరం పేరూ ఒకటే కావడం వల్ల దుబాయిలో తప్పించుకున్న ప్రయాణం ఇక్కడ మళ్లీ మొదలవుతుంది. దిబ్బదీ అదే తంటా. అక్కడ ఒకదానికొకటి ఆనుకుని మూడు దిబ్బలున్నాయి: ఒకటి ఫుజైరాది, ఒకటి షార్జాది, ఒకటి ఒమన్‌ది. ముసందం వైపు వెళ్లే పడవల్లో చాలావాటికి ఒమన్ దిబ్బే రేవు, అంటే సరిహద్దు, పాస్‌పోర్టు, కాగితాలు. గది తీసుకునే ముందు పడవ ఏ దిబ్బ నుంచి కదులుతుందో అడగని మనిషి మర్నాడు పొద్దున చెక్‌పోస్టు దగ్గర అడుగుతాడు.

సరే, సరైన తీరంలోనే నక్షత్రాల హోటల్ తీసుకున్నారు. అక్కడ బ్రేక్‌ఫాస్ట్ ఏడింటికి మొదలవుతుందా, పడవ వేళకు సరిపోతుందా? ఉప్పునీళ్లు కారుతున్న వెట్‌సూట్‌ను లాబీలోంచి తీసుకెళ్తే సెక్యూరిటీ ఏమంటాడు? దాన్ని మంచినీళ్లలో ముంచి ఆరేయడానికి చోటేది? రెగ్యులేటర్‌ను బాత్‌టబ్‌లో కడిగి, షవర్ కమ్మీకి వేలాడదీసి, తెల్లారాక తడిసిన తివాచీకి జరిమానా కట్టిన మిత్రుడు నాకున్నాడు. ఆ హోటల్ పేరు ఇక్కడ అనవసరం. ఈ ప్రశ్నలకు నక్షత్రాలు జవాబు చెప్పవు. ఒక బక్కెట్టు, ఒక గొట్టం, నీడలో ఒక దండెం ఉన్న చిన్న బస చెబుతుంది. తెలుగు ఇంటికి ఇంకొకటీ కావాలి, చిన్న స్టవ్వు ఉన్న వంటగది. డైవ్ నుంచి వచ్చాక పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి తిని ఫ్యాన్ కింద పడుకున్న మనిషికి బఫేలో ఏం దొరుకుతుంది గనక?

ఖోర్‌ఫక్కాన్‌ను కొందరు తోసిపుచ్చే కారణం మరీ వింత. అది షార్జా ఎమిరేట్‌లో ఉంది, షార్జాలో మద్యం దొరకదు. "సాయంత్రం ఏం చేయాలి మరి?" అని అడుగుతారు. మద్యం ఒంట్లోని నీటిని లాగేస్తుంది, డైవ్‌కు ముందూ తర్వాతా అదే వద్దనేది. మర్నాడు పొద్దున్నే మునగాలనుకున్నవాడికి ఆ మద్యనిషేధం షార్జా ఉచితంగా ఇస్తున్న కానుక. తీసుకోనివాడు డైవ్‌కు వచ్చాడా, సెలవుకు వచ్చాడా ముందు తేల్చుకోవాలి. రెండూ తప్పు కాదు, రెండింటికీ ఒకే గది కుదరదు.

ఎదుటివాళ్ల మాటల్లో నిజమున్నచోట ఒప్పుకోవాలి. దుబాయిలోనే ఉండడం సరైనదయ్యే డైవ్‌లూ ఉన్నాయి. 1961 ఏప్రిల్ 8న దుబాయి దగ్గరి నీళ్లలో పేలుడుకు గురై, రెండు రోజుల తర్వాత లాక్కెళ్తుండగా మునిగిపోయిన ఎంవీ దారా గల్ఫ్ అడుగునే ఉంది. బొంబాయి, కరాచీల నుంచి గల్ఫ్ రేవుల మీదుగా బస్రా దాకా తిరిగిన ప్రయాణికుల ఓడ అది, 238 మంది పోయారు. విమానాలు రాకముందు మనవాళ్లు పొట్టచేత పట్టుకుని ఈ తీరానికి వచ్చింది అలాంటి ఓడల్లోనే. 2001లో దొంగ ఇంధనంతో వెళ్తూ మునిగిన జైనబ్ ఓడ కూడా ఆ వైపే. వాటి కోసం వచ్చినవాళ్లు ఆ పడవ కదిలే గల్ఫ్ రేవుకు దగ్గర్లో ఉండాలి, అల్ అఖాకు రావడం వృథా. నద్ అల్ షెబాలోని డీప్ డైవ్ దుబాయి కొలను 2021లో తెరిచారు, 60 మీటర్ల లోతు, ముత్యపు గుల్ల ఆకారంలో కట్టిన భవనం. దాంట్లో మునగాలంటే దుబాయిలో ఉండకపోతే ఎక్కడుంటారు? నా పేచీ దుబాయితో కాదు. ముందు గది, తర్వాత సముద్రం అనే వరసతో.

ఖర్చు గురించి అరిచేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ లెక్కలో పెట్రోలు, సాలిక్ టోలు, అద్దె కారు ఉన్నాయా? కడుపు తిప్పి వదులుకున్న డైవ్, చెవి పట్టేసి పైకి వచ్చిన డైవ్ ఖరీదు కలిపారా? ఇద్దరు మిత్రులు పంచుకునే చిన్న స్టూడియో గదికీ, ఈ చిల్లరంతటికీ తేడా మీరనుకున్నంత ఉండదు. ఇంటిల్లిపాదీ వస్తే, డైవ్ చేయని ఇల్లాలికీ పిల్లలకూ దుబాయి మాల్‌కన్నా అల్ అఖా మేలు. స్నూపీ దగ్గర మోకాలి లోతులో మాస్కు పెట్టుకుని ముఖం ముంచితే చేపలు కనిపిస్తాయి. పదేళ్లు నిండిన పిల్లలైతే కోర్సులోనే చేరొచ్చు. దారిలోనే బిదియాలో 15వ శతాబ్ది మట్టి మసీదు ఉంది, నాలుగు చిన్న గుమ్మటాలతో, దేశంలోని అతి పాతవాటిలో ఒకటి.

వారానికి ఒక్క ఆదివారమే సెలవున్నవాళ్ల సంగతి వేరు. లేబర్ క్యాంపుల్లో ఉండి పైసా పైసా ఇంటికి పంపే తమ్ముళ్లలోనూ సముద్రం చూడాలనుకునేవాళ్లున్నారు, వాళ్లకు రెండు రోజుల బస సలహా ఇవ్వడం అహంకారమే అవుతుంది. వాళ్లకు చెప్పేది ఇంతే: ఒక్క డైవే పెట్టుకోండి, ముందు రాత్రి పెందలాడే పడుకోండి, తిరిగొచ్చేటప్పుడు నీళ్లలోకి దిగనివాణ్ని బండి నడపనివ్వండి. కానీ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవై, శుక్రవారం సగం రోజే పని ఉన్న ఆఫీసు ఉద్యోగి కూడా "టైం లేదన్నా" అంటే నమ్మబుద్ధి కాదు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే చీకటి పడకముందే అల్ అఖాలో ఉంటారు. శనివారం డైవ్‌లు. ఆదివారం ఒడ్డున పిల్లలతో, సాయంత్రం నెమ్మదిగా ఇంటికి.

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు వరస మార్చాలి. ఏ చోట మునగాలో ముందు తేల్చుకోండి. మీ కార్డు ఏమంటోందో చూసుకోండి: ఓపెన్ వాటర్ అయితే 18 మీటర్లు, అల్ అఖా బయట దాదాపు 30 మీటర్ల అడుగున ఉన్న ఇంచ్‌కేప్-1 ఓడ మీకు కాదు. కార్డే లేకుండా మొదటిసారి దిగేవారికి 12 మీటర్లే హద్దు. తర్వాత పడవలో సీటు. దాని తర్వాత, ఆ రేవుకు నడిచి వెళ్లేంత దూరంలో గది. డైవ్‌లన్నీ ప్రయాణం మొదట్లో పెట్టుకుని ఆఖరి రోజు, ఆఖరి రాత్రి దుబాయికి వదిలేయండి. ఆ రోజే బంగారం, ఆ రోజే బుర్జ్ ఖలీఫా.

ఇక చుట్టాల కోసం, సంఘాల కోసం ప్రయాణ పథకాలు వేసి పంచే పెద్దలకు నా మనవి. మీ కాగితం మీద డైవ్ ఉన్న రోజు వరసలోంచి జెబెల్ జైస్‌ను కొట్టేయండి. రాత్రి ఫ్లయిట్‌ను మర్నాటి సాయంత్రానికి జరపండి. 18 గంటలు ఎవరి కోసమూ తగ్గవు.